ఎకరం, గుంట, గొలుసు

అత్వెల్లిలో ఇవాళ ఎవరైనా భూమి గురించి అడిగితే గజాల్లో అడుగుతున్నారు. మనం బడికి వెళ్లే రోజుల్లో ఎకరాలు, గుంటలు అనేవారు. ఇంట్లో పెద్దవాళ్లు దూరం చెప్పాలంటే ఫర్లాంగు అనేవారు. వీటిలో ఏది మన మాట, ఏది పరాయి మాట అని అప్పట్లో ఎవరం ఆలోచించలేదు. సివిల్ ఇంజనీరుగా కొలతలతోనే బతుకుతున్నాను గనుక వీటి పుట్టుక వెతకడం నాకు అలవాటైంది.

ఎకరం చాలా పాత ఇంగ్లీషు మాట. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దాన్ని ఇంచుమించు 'ఆకర్' అని పలికేవారు. అప్పుడది కొలత కాదు, పొలం అని మాత్రమే అర్థం. లాటిన్‌లో 'ఆగెర్', వేదకాలపు సంస్కృతంలో 'అజ్ర' అదే మూలం నుంచి వచ్చినవి. అంటే ఇంగ్లీషువాడు మనకు తెచ్చిచ్చిన మాటకు దూరపు చుట్టం మన దేశంలో ముందే ఉంది. తరువాత ఎడ్లు ఒక్క రోజులో దున్నగలిగినంత నేలను ఎకరం అన్నారు. ఇది మన రైతులకు విడమరచి చెప్పనక్కరలేదు, అరకల లెక్కన పని చెప్పుకోవడం వాళ్లకు తెలిసిందే.

ఫర్లాంగు కూడా దుక్కిలో నుంచి పుట్టిందే. 'ఫర్హ్' అంటే నాగటి సాలు, 'లాంగ్' అంటే పొడుగు. బరువైన నాగలికి కట్టిన ఎడ్లను మాటిమాటికీ తిప్పడం కష్టం కాబట్టి అక్కడి సాళ్లు పొడుగ్గా ఉండేవి. ఆ పొడవు 220 గజాలుగా స్థిరపడింది. 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న చెక్క ఒక ఎకరం. 4840 అనే వింత అంకె అలా వచ్చింది.

ఆ 22 గజాలనే ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1620లో ఇనుప గొలుసుగా మార్చాడు. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మెట్రిక్ పద్ధతి పుట్టడానికి నూటడెబ్భై ఏళ్ల ముందే దశాంశాన్ని పొలంలోకి దించినవాడు ఆయన. ఆ తెలివిని ఎంత మెచ్చుకున్నా తక్కువే అంటాను. క్రికెట్ పిచ్ పొడవు కూడా ఒక గొలుసే. బడి మైదానంలో ఇరవై రెండు పెద్ద అడుగులు వేసి వికెట్లు పాతినవాళ్లంతా సర్వే చేసినట్టే లెక్క.

గుంట సంగతి వేరు. గుంటర్ పేరు నుంచే గుంట వచ్చిందని కొందరు సరదాగా అంటారు, నేను నమ్మను. ఒడిశాలోనూ ఈ మాట ఉంది, కాని అక్కడ 25 గుంఠలు ఎకరం. మన దగ్గర 40. బొంబాయి ప్రెసిడెన్సీ సర్వేలో గుంటరు గొలుసులో సగం, అంటే 33 అడుగుల గొలుసు వాడి, దాన్ని రూపాయిలాగా 16 అణాలుగా పంచుకున్నారు. 33 అడుగుల చదరం ఒక గుంట, 121 చదరపు గజాలు. మొదటి సాలార్‌జంగ్ కాలంలో నిజాం రాజ్యం భూమి సర్వే మొదలుపెట్టినప్పుడు బొంబాయి పద్ధతినే నమూనాగా తీసుకుంది. మద్రాసు వైపు మాత్రం ఎకరాన్ని నూరుగా పంచి సెంట్లు అన్నారు. అందుకే కృష్ణకు అటు సెంట్లు, ఇటు గుంటలు.

ఈ చరిత్ర తెలియకపోతే డబ్బు పోతుంది. మన కాగితాల్లో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. సెంట్లకు అలవాటుపడినవారు, లేదా కాలిక్యులేటర్‌ను నమ్మినవారు దాన్ని రెండు ఎకరాల ఇరవై సెంట్లుగా చదువుతారు. తేడా 12 గుంటలు, 1452 గజాలు. మేడ్చల్ చుట్టుపక్కల ఇవాళ్టి ధరలకు అదెంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య నిలబెట్టిన గోడ. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. వాళ్లకు ఈ ఒక్క సంగతి తప్పక చెప్పాలి.

గొలుసు గురించి ఇంకో మాట. ఇనుప లింకులు వాడగా వాడగా అరిగి సాగుతాయి. వంద లింకుల గొలుసు ఒక్క లింకు మేర సాగిందనుకోండి. కాగితం మీద ఎకరం అని రాసిన చోట నేల మీద సుమారు 97 గజాలు ఎక్కువ ఉంటుంది. ఇప్పటి యంత్రాలతో కొలిస్తే పాత పట్టా విస్తీర్ణానికి తేడా రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అది దొంగతనమే కానక్కరలేదు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసే ముందు టిప్పన్ తీసి హద్దురాళ్లు ఎక్కడున్నాయో చూడటం మంచిది. హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు కూడా సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయి.

ఇక ఇప్పటి గజం. ఆ మాట ఫార్సీ 'గజ్' నుంచి వచ్చింది. మొగలుల కాలంలో ఊరికో గజం ఉండేది, అక్బరు ఇలాహీ గజాన్ని తరువాత ఇంగ్లీషువారు 33 అంగుళాలుగా లెక్కించారు. మన గజం 36 అంగుళాలు, అంటే ఇంగ్లీషు యార్డు. యార్డు అన్న మాటకు పాత అర్థం కర్ర. పేరు ఫార్సీది, పొడవు ఇంగ్లీషుది, నేల మనది. 1956లో మెట్రిక్ చట్టం వచ్చినా, ఇన్నేళ్ల తరువాత కూడా లేఅవుట్ నక్షా చదరపు మీటర్లలో ఉంటుంది, బేరం గజాల్లో సాగుతుంది, పాత దస్తావేజు గుంటల్లో ఉంటుంది. గుంటకు 121 గజాలు, గజానికి 0.836 చదరపు మీటర్లు. మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి సరిచూడటానికి ఈ రెండు అంకెలు చాలు.