గాజు మీద గీత పడితే శని పోతాడా?

చాలా ఏళ్ళ క్రితం పామేడు దగ్గర ఒక సంతలో రంగురాళ్ళు అమ్మేవాణ్ణి చూశాను. నీలంరాయితో గాజుముక్క మీద గీత గీసి, "చూశారా సార్, గాజునే కోసింది! అసలైన నీలం. వేలికి పెడితే శని మీ జోలికి రాడు" అన్నాడు. నేను దారి పక్కనున్న పలుగురాయి ఏరి అదే గాజు మీద గీశాను. దానికీ గీత పడింది. జనం నవ్వారు. అయినా నా పక్కనున్న కూలీ వారం రోజుల కూలి ఇచ్చి ఉంగరం కొనుక్కున్నాడు. ఆ నవ్వు నాకు దేనికీ పనికిరాలేదు.

ఈ గారడీకి పెద్ద చరిత్రే ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వజ్రపరీక్ష ఉంది. మంచి వజ్రాన్ని మరే పదార్థమూ కోయలేదంటాడు. గీతల వరకు ఇది నిజమే. ఆ వెంటనే అది నీటి మీద తేలుతుందంటాడు! వజ్రం నీటికంటే మూడున్నర రెట్లు బరువు. గ్లాసుడు నీళ్ళుంటే తేలిపోయే విషయం. తెల్లవి బ్రాహ్మణులకు, ఎర్రవి, పసుపువి క్షత్రియులకు, దిరిసెన పువ్వు రంగువి వైశ్యులకు, కత్తిలా నల్లనివి శూద్రులకు అని రాళ్ళకు కూడా కులం అంటగట్టాడు. ఒక నిజం పక్కన కూర్చుని రెండు అబద్ధాలు గౌరవం సంపాదించుకున్నాయి.

మనవాళ్ళే కాదు. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, వజ్రం సుత్తి దెబ్బకు పగలదనీ, మేక నెత్తుటిలో నానబెడితేనే పగులుతుందనీ రాశాడు. 1563లో గోవాలో గార్సియా ద ఓర్తా అనే వైద్యుడు ఇది తప్పని రాశాడు. వజ్రం సుత్తితో సులువుగా పగులుతుందనీ, ఆ పొడితోనే మిగతా వజ్రాలను సానబెడతారనీ చెప్పాడు. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు ఆగడం వేరు. మన దక్కను గనుల దగ్గర సానపట్టేవాళ్ళకు ఇది చేతిపని. పదిహేడో శతాబ్దంలో అక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, వాళ్ళు చక్రం మీద వజ్రపు పొడి వేసి సానబెట్టడం చూసి రాశాడు.

1812లో జర్మన్ శాస్త్రవేత్త మోస్ పది ఖనిజాలను వరసలో పెట్టాడు. ఏది దేని మీద గీత పెడుతుందన్నదే లెక్క. ఆ కొలతలో గాజు సుమారు 5.5, పలుగురాయి 7, నీలం 9, వజ్రం 10. గాజు మీద గీత పడితే ఆ రాయి గాజుకంటే గట్టిదని తెలుస్తుంది. అంతే. అది నీలమని కూడా తేలదు, ఇక శని సంగతి ఎక్కడ?

ఈసారి ఎవరైనా మీ ముందు గాజు మీద గీత గీస్తే, ముందు పలుగురాయితో గీసి చూపించండి. తరవాత, "శని పోయాడని తెలియడానికి పరీక్ష ఏమిటి?" అని అడగండి. కూలీ డబ్బు తీయకముందే అడగండి. నేను ఆ రోజు అడగలేదు.