ఆలూ బాలూ నై మిలే తో కరోందే: ఒక షర్బత్ తారీఖ్

మా నానీ నుస్ఖాల కాపీ ఇప్పుడు నా దగ్గర ఉంది. అట్ట ఊడిపోయింది. కుడి నుంచి ఎడమకు సాగిన నల్ల సిరా రాత చాలాచోట్ల నూనె మరకల కింద అలుక్కుపోయింది. అచార్లు, మురబ్బాలు, జుకామ్‌కు జోషాందా, పిల్లల కడుపునొప్పికి ఏం తాగించాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఒక పేజీ పైన 'షర్బత్-ఎ-ఆలూ బాలూ' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కింద ఎప్పుడో తర్వాత, వేరే కలంతో, సన్నగా ఒక్క ముక్క రాసుకుంది: 'ఆలూ బాలూ నై మిలే తో కరోందే.' ఆలూ బాలూ దొరక్కపోతే వాక్కాయలు అని.

తిరువూరులో ఉర్దూ మీడియం బడిలో మూడో నాలుగో చదివే రోజుల్లో నేను ఆ పేజీ కూడబలుక్కుని, "ఆలూతో షర్బత్ ఏంటి నానీ, ఛీ!" అన్నానట. ఖాలాలు ఆ మాట చెప్పుకుని ఎన్నేళ్లు నవ్వారో. మన ఇళ్లలో ఆలూ అంటే బంగాళాదుంపే కదా మరి. నానీ మాత్రం నవ్వలేదు. "వో ఆలూ అలగ్, యే ఆలూ అలగ్ బాబా" అంది. ఎలా అలగ్ అని అడిగితే ఆమెకూ తెలియదు. ఆలూ బాలూ పండును నానీ జన్మలో చూడలేదు.

ఆ రెండు ఆలూల తేడా నాకు అర్థమయ్యేసరికి చదువు అయిపోయి, ఉద్యోగంలో కూడా చేరాను. ఫారసీలో ఆలూ అంటే ప్లమ్ పండు. బిర్యానీలో, ఖోర్మాలో పులుపు కోసం వేసే ఆలూ బుఖారా అదే. హైదరాబాదీ ఖుబానీ కా మీఠాలో ఉండే ఖుబానీకి ఫారసీ పేరు జర్దాలూ, అంటే పసుపు ఆలూ. పీచ్ పండు షఫ్తాలూ. వీటన్నింటిలో చిన్నది, ఎర్రగా గోళీకాయంత ఉండేది, నాలుక మీద పెడితే కన్ను మూతపడేంత తుర్ష్‌గా ఉండేది ఆలూ బాలూ. పుల్ల చెర్రీ అన్నమాట. మన దుంప ఆలూ మాత్రం ఈ ఖాన్‌దాన్‌ది కాదు. సంస్కృతంలో దుంపలకు ఉన్న 'ఆలుక' అనే పాత పేరు నుంచి వచ్చింది. రెండు వేర్వేరు జబాన్ల మాటలు ఉర్దూలో ఒక్క అక్షరక్రమంలో కలుసుకుని నన్ను నవ్వులపాలు చేశాయి.

ఇరాన్‌లో ఎండాకాలం వస్తే ఇంటింటా ఆలూ బాలూ షర్బత్ కాస్తారు. అదే పండుతో బియ్యం కలిపి ఆల్బాలూ పొలో వండుతారు. తుర్కీలో దీన్ని విష్నే అంటారు. అక్కడా షర్బత్, అక్కడా మురబ్బా. 1504లో కాబూల్‌ను గెలుచుకున్న బాబర్ తన బాబర్‌నామాలో కాబూల్ పండ్ల గురించి చెబుతూ, ఆలూ బాలూ అంట్లు తానే తెప్పించి నాటించాననీ, అవి చక్కగా నాటుకున్నాయనీ రాసుకున్నాడు. తోటలంటే ప్రాణం పెట్టే మనిషి. యుద్ధాల గురించి రాసినంత శ్రద్ధగా పండ్ల గురించీ రాశాడు.

ఆ చెట్టు కాబూల్ దాకా వచ్చింది కానీ తిరువూరు దాకా రాలేకపోయింది. కారణం రాజులు కాదు, మౌసమ్. చలికాలంలో కొన్ని వందల గంటలు 7 డిగ్రీల లోపు చలి తగిలితే తప్ప ఆ చెట్టు సరిగ్గా పూత పట్టదు. మే నెలలో 45 డిగ్రీల ఎండకు మాడే మన నేలలో మామిడి కాస్తుంది, ఆలూ బాలూ కాయదు. చెట్టు రాలేదు సరే, మరి దాని పేరు మా నానీ కాపీలోకి ఎలా వచ్చింది?

ముందు షర్బత్ అనే మాట చూద్దాం. అరబీలో 'షరిబ' అంటే తాగాడు. షర్బత్, షరాబ్ రెండూ ఆ ఇంటి పిల్లలే. ఒకటి హలాల్ దారిన పోయింది, ఇంకోటి హరామ్ దారిన. ఇంగ్లీషువాళ్లు మందుల సీసా మీద రాసే సిరప్, ఐస్‌క్రీమ్ దుకాణంలో అమ్మే సార్బే కూడా అక్కడి నుంచి వెళ్లినవే. ఫ్రిజ్ లేని రోజుల్లో పండు రసాన్ని ఏడాదంతా దాచుకోవడానికి మనిషి కనిపెట్టిన ఉపాయం షర్బత్. రసంలో చక్కెర బాగా చిక్కబడితే అది పాడవదు. అందుకే వంటిల్లు కంటే ముందు దవాఖానా దాన్ని పట్టుకుంది. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో సికంజబీన్ గురించి చెప్పాడు. సిర్కా, అంగబీన్ కలిస్తే సికంజబీన్, అంటే వెనిగర్, తేనె. ఉత్తరాదిలో నిమ్మరసాన్ని షికంజీ అనడం దాని గుర్తే. యునానీ తిబ్‌లో పుల్లటి షర్బత్‌లు వేడిని, సఫ్రాను తగ్గిస్తాయంటారు. షర్బత్-ఎ-ఆలూ బాలూ అయితే గుర్దాలో రాళ్లకు హకీంలు రాసే పాత నుస్ఖా. యునానీ మందుల దుకాణాల్లో ఆ పేరున్న సీసా ఇప్పటికీ దొరుకుతుంది. (రాళ్లున్నవాళ్లు నా మాట మీద షర్బత్ తాగుతూ కూర్చోవద్దు, డాక్టరుకు చూపించుకోండి.)

ఇబ్న్ సీనా 1037లో ఇరాన్‌లోని హమదాన్‌లో కన్నుమూశాడు. ఆయన మఖ్‌బరా అక్కడే ఉంది. దాదాపు అయిదు వందల ఏళ్ల తర్వాత గోల్కొండలో కుతుబ్ షాహీ సల్తనత్‌ను నిలబెట్టిన సుల్తాన్ కులీ పుట్టిందీ హమదాన్ ప్రాంతంలోనే. ఆ సల్తనత్‌కు సముద్రపు దర్వాజా మన మచిలీపట్నం. ఇరాన్ సౌదాగర్లు అక్కడ దిగేవారు. గోల్కొండ మీర్ జుమ్లాగా పేరుపడ్డ మీర్ ముహమ్మద్ సయీద్ ఇరాన్‌లోని అర్దిస్తాన్ మనిషి. ఆయన సొంత ఓడలు బందరు నుంచి వెళ్లేవి. కొండపల్లి ఖిల్లా గోల్కొండ చేతిలో ఉండేది. కొండపల్లి సర్కారుకు ముస్తఫానగర్ అని పేరు. మనుషులు, గుర్రాలు, కితాబులతో పాటు హకీములూ, వాళ్ల నుస్ఖాలూ, పండ్ల పేర్లూ ఈ నేల మీదికి వచ్చాయి. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను కుంపిణీకి రాసిచ్చాక కృష్ణా వైపు కుంపిణీది, ఖమ్మం వైపు నిజాంది అయింది. తిరువూరు అంచు మీద ఉండిపోయింది. 1956లో చెరిగిన ఆ గీత 2014లో మళ్లీ పడింది. రాజ్యాలు ఎన్ని మారినా పెనుబల్లి వైపు పిల్లనివ్వడం, అటు నుంచి కోడల్ని తెచ్చుకోవడం మన ఇళ్లలో ఆగలేదు. కోడళ్లు వస్తే వాళ్ల వంటా వస్తుంది.

ఆ తర్వాత ఛాపాఖానా వచ్చింది. 1898లో లాహోర్ నుంచి 'తహ్‌జీబ్-ఎ-నిస్వాన్', 1908లో ఢిల్లీ నుంచి 'ఇస్మత్' అనే ఉర్దూ జనానా రిసాలాలు మొదలయ్యాయి. పర్దాలో ఉండే ఆడవాళ్ల కోసం వచ్చిన పత్రికలు అవి. చదువు గురించి, హక్కుల గురించి, ఇంటి పనుల గురించి రాసేవి. అలాంటి ఏదో రిసాలా చేతులు మారి మా ఇంటికి చేరింది. నానీ ఆలూ బాలూ నుస్ఖా అందులోంచే ఎత్తి రాసుకుంది. ఉత్తరాదిలో రాసిన మనిషికి ఆ పండు తెలుసు. మా నానీకి దాని పేరే తెలుసు. మరి తను ఏం చేసింది? కంచె దగ్గరికి వెళ్లింది.

కంచె మీద వాక్కాయ ఉంది. జంట ముళ్లు, తెంపితే పాలు, మల్లెల్లా తెల్లటి పూలు. పొలాల గట్ల మీద పశువులు చొరబడకుండా వేసే చెట్టు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కాయలు. మొదట పచ్చగా, తర్వాత ఒక పక్క గులాబీ రంగు, పండితే నల్ల ఊదా. బాబర్ హిందుస్తాన్ పండ్లను లెక్కపెట్టినప్పుడు దీన్నీ వదల్లేదు. కరోందా పొదల్లో కాస్తుందనీ, మైదానాల పండనీ చెప్పి, కాబూల్ వైపు తినే పుల్లటి కాడ రేవాస్‌తో దాని రుచిని పోల్చాడు. కాబూల్‌లో ఆలూ బాలూ నాటించిన ఆ మనిషే ఇక్కడ వాక్కాయ రుచి చూశాడు. ఆ రెంటినీ కలిపి ఒక్క పేజీలో రాసింది మాత్రం మా నానీ. కరోందా అనే మాట సంస్కృతంలోని 'కరమర్ద' నుంచి వచ్చింది. 1767లో లిన్నేయస్ ఈ చెట్టుకు లాటిన్ పేరు పెడుతూ 'కారిస్సా కరాండస్' అన్నాడు. కరాండస్‌లో మన కరోందా వినిపించడం లేదూ?

కొన్నేళ్ల కింద ఆఫీసులో డబ్బా విప్పితే పక్క సీటు మిత్రుడు తొంగి చూసి, "ఇది మా వాక్కాయ పప్పు కదా, మీ ఇంట్లో కూడా చేస్తారా?" అన్నాడు. ప్యార్‌గానే అన్నాడు. మా ఇంట్లో దాని పేరు కరోందోం కీ ఖట్టీ దాల్ అని చెప్పాను. వాక్కాయ పులిహోర, పచ్చడి వాళ్లింట్లో ఎంత పాతవో, గోష్త్‌లో చింతపండుకు బదులు వాక్కాయ వేయడం మా ఇంట్లో అంత పాతది. మా వంటలోని చాలా పేర్లు దూరం నుంచి వచ్చాయి, నిజమే. పులుపు మాత్రం ఈ కంచెదే. ఆ మాట ఆ రోజు అతనికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

నానీ నుస్ఖా ఇదీ. సగం పండిన, గులాబీ రంగు తిరిగిన కాయలు ఒక కిలో తీసుకోండి. చేతులకు నూనె రాసుకోండి, లేకపోతే పాల జిగురు ఓ పట్టాన వదలదు. కాయలు చీల్చి గింజలు తీసి ఉప్పునీళ్లలో ఒక గంట ఉంచి కడగండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు మంచిది కాదు. స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు పోసి మెత్తబడేదాకా ఉడికించి, పల్చటి మల్‌మల్ గుడ్డలో పోసి వేలాడదీయండి. పిండితే రసం మబ్బుగా అవుతుంది, దానంతట అదే కారనివ్వాలి. రసం ఎన్ని గ్లాసులైతే చక్కెర అన్ని గ్లాసులు. చక్కెర కరిగి రెండు పొంగులు వచ్చాక, వేళ్లకు జిగటగా తగిలితే దించేయండి. తీగ పాకం దాకా పోనివ్వొద్దు. వాక్కాయలో పెక్టిన్ ఎక్కువ, కొంచెం ఏమరుపాటుగా ఉంటే సీసాలోనే జెల్లీ అయిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు అదే అయింది. షర్బత్‌ను చెంచాతో తవ్వి రొట్టె మీద పూసుకుని తిన్నాం, ఘోరంగా ఏం లేదు. చల్లని గ్లాసు నీళ్లలో రెండు మూడు చెంచాల షర్బత్, నానబెట్టిన సబ్జా గింజలు, చిటికెడు కాలా నమక్. రంగు కలపక్కర్లేదు, దానికదే గులాబీ.

మురబ్బాకు గింజలు తీసిన కాయలను రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచి, కడిగి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేసి తీయాలి. తర్వాత పల్చటి చక్కెర పాకంలో వేయాలి. రోజూ పాకం ఒక్కటే వంపి, ఇంకొంచెం చక్కెర వేసి మరిగించి, చల్లార్చి మళ్లీ కాయల మీద పోయాలి. నాలుగైదు రోజులు ఇలా చేస్తే చక్కెర మెల్లగా లోపలికి పోతుంది, కాయ ముడుచుకోదు. తొందరపడి మొదటి రోజే చిక్కటి పాకం పోస్తే తోలులా అవుతుంది.

ఇదే పద్ధతిని కార్ఖానాలు ఎత్తుకున్నాయి. పిల్లల బర్త్‌డే కేకు మీద, మీఠా పాన్ మీద మెరిసే ఎర్ర చెర్రీ ఉంటుంది కదా, మన దేశంలో అది చాలా మటుకు చెర్రీ కాదు. వాక్కాయే. గింజ తీసి, రంగు పోగొట్టి, ఎర్ర రంగు పట్టించి, పాకంలో నానబెట్టి చెర్రీ అని అమ్ముతారు. నానీ ఆలూ బాలూ స్థానంలో కరోందా వేసి, కరోందే అని నిజాయితీగా రాసుకుంది. బజారు కూడా అదే మార్పిడి చేసింది, పేరు మాత్రం దాచేసింది. మా అబ్బాయి కేకు మీది 'చెర్రీ' ఇష్టంగా ఏరుకుని తింటాడు, పప్పులో వాక్కాయ కనిపిస్తే పక్కన పెడతాడు. రెండూ ఒకటేనని చెబితే నమ్మలేదు.

వాడు ఉర్దూ మాట్లాడతాడు, చదవలేడు. నానీ కాపీ వాడికి నల్ల గీతలే. అందుకే ఈ ఏడాది ఆ నుస్ఖాలన్నీ తెలుగు లిపిలో ఎక్కించడం మొదలుపెట్టాను. మాటలు అవే, జబాన్ అదే, లిపి మాత్రం వాడికి వచ్చినది. మీ ఇంట్లోనూ అలాంటి కాపీ ఏదైనా ఉంటే, చదవగలిగే దాదీ, నానీ ఉండగానే ఆ పని చేయండి.

హిజ్రీ సాల్ 11 రోజులు చిన్నది. రంజాన్ అన్ని మౌసమ్‌లూ తిరిగి దాదాపు 33 ఏళ్లకు మళ్లీ అదే చోటికి వస్తుంది. 2012 జూలైలో రంజాన్, వాక్కాయలు కలిసి వచ్చాయి. నానీ చేతి తాజా కరోందా షర్బత్‌తో రోజా విప్పింది మేము ఆ ఏడాది, తర్వాత ఇంకొన్నేళ్లు. మళ్లీ రంజాన్ అదే చోటికి వచ్చేది 2045లో. అప్పటికి మా అబ్బాయికి ఇప్పటి నా వయసు వస్తుంది. ఆ ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద గ్లాసులో ఏముంటుందో నాకు తెలియదు. కంచె మీద వాక్కాయ ఉంటుంది, ఇన్‌షా అల్లాహ్. కాపీ కూడా ఉంటుంది.