సముద్రం లేని చోట ఓడ

మాది నల్లగొండ జిల్లా. సముద్రాన్ని మా తరం వారు ముందుగా పద్యాలలో చదువుకొని, చాలా ఏళ్ళ తరువాత కంటితో చూచారు. అటువంటి మెట్ట ప్రాంతపు వాడు ఓడలను గురించి, వాటి నుండి పారిపోయిన నావికులను గురించి వ్రాయబూనడం మిత్రులకు విడ్డూరంగా తోచవచ్చు. కాని ఆ నావికుని వెంట బయలుదేరిన నేను చివరకు మా జిల్లా దారిలోనికే వచ్చి చేరాను. ఎలాగో మనవి చేస్తాను.

తెలుగు పండితునిగా మొదట నన్ను ఆకర్షించినవి రెండు మాటలు. "పరారీ" మనకు ఉర్దూ ద్వారా వచ్చింది. ఫరార్ అంటే పారిపోవడం. "పరిధి" సంస్కృత పదం. సూర్యచంద్రుల చుట్టూ కనిపించే గుడికి ఆ పేరు. వరదగుడి అని మనం పిలిచేది అదే. ఆ గుడి కంటికి కనిపిస్తుంది, చేతికి అందదు. న్యాయస్థానపు పరిధి కూడా అటువంటిదే. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో న్యాయమూర్తికంటె పరారీ అయినవానికే బాగా తెలుస్తుంది.

పరదేశపు వర్తక నౌక ఒకటి రేవులో లంగరు వేసిందనుకుందాం. అందులోని నావికుడొకడు రాత్రివేళ ఒడ్డుకు దూకి పారిపోయాడు. అతనిని పట్టవలసినవారెవరు? రేవు ఒక ప్రభువుది, ఓడపై ఎగిరే జెండా మరొక ప్రభువుది. ఈ చిక్కును తీర్చడానికి బ్రిటిష్ పార్లమెంటు 1852లో ఒక చట్టం చేసింది. మా నావికులను మీరు పట్టి ఇస్తే మీ నావికులను మేము పట్టి ఇస్తామన్నది దాని సారాంశం. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని భూములకు కూడా అది వర్తించేది. అందులో ఒక విశేషణం ఉంది: "బానిసలు కాని" నావికులను మాత్రమే ఓడకు తిరిగి అప్పగించాలి. అంటే పారిపోయిన బానిసను ఆ చట్టం క్రింద పట్టి ఇవ్వరాదు. స్వతంత్రుడై ఉండి, కూలి ఒప్పందంపై వేలిముద్ర వేసినవానిని మాత్రం పట్టి ఓడ ఎక్కించవచ్చు. ఈ వాక్యం చదివిన నాడు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఓడలోపల జరిగేదంతా జెండా గలవారి వ్యవహారమేనా అన్న ప్రశ్న కూడా ఆ కాలంలోనే వచ్చింది. అమెరికాలోని జెర్సీ సిటీ రేవులో నిలిచిన బెల్జియం ఓడలో ఒక నావికుడు తోటి నావికుని చంపాడు. బెల్జియం కాన్సల్ అతనిని తమకు అప్పగించమన్నాడు. 1887లో అమెరికా సుప్రీం కోర్టు అందుకు ఒప్పుకొనలేదు. ఓడలోని చిన్న తగవులను ఓడవారే తీర్చుకోవచ్చు గాని, హత్య రేవు శాంతికే భంగమని, విచారణాధికారం స్థానిక న్యాయస్థానానిదేనని తీర్పు చెప్పింది.

ఇక మా ఓడ సంగతి. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారిలో సూర్యాపేట దాటి కోదాడ చేరేలోగా మునగాల వస్తుంది. నేడది సూర్యాపేట జిల్లాలోని ఒక మండల కేంద్రం. 1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను కంపెనీకి వదలుకొన్న సంగతి మనకు తెలిసినదే. ఆ వ్యవహారంలో మునగాల జమీందారీ ఇంగ్లీషువారి వైపుకు పోయింది. చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ నిజాం ఏలుబడిలో ఉండగా, ఆ పరగణా ఒక్కటే కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో భాగమై, ఎవరో నడినేలలో లంగరు వేసి మరచిపోయిన ఓడ వలె నిలిచిపోయింది. హద్దుకు ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు రూపాయి. ఇవతల కచేరీలో ఉర్దూ, అవతల ఇంగ్లీషు, తెలుగు. పాలమూరు వారికి తుంగభద్ర ఒడ్డున నిలిచి కర్నూలు వైపు చూస్తే పరాయి ప్రభుత్వం కనిపించేది. మాకు ఏరు కూడా అడ్డు లేదు, పొలం గట్టు దాటితే చాలు.

హైదరాబాదు సంస్థానానికి, బ్రిటిషువారికి నేరస్థుల అప్పగింతపై 1867లో ఒప్పందం జరిగింది. అది హత్య, దోపిడి వంటి ఘోర నేరాల కోసం ఉద్దేశించినది. దొర గడీలో వెట్టి చేయలేక పారిపోయినవాడు ఆ జాబితాలోనికి రాడు. "హద్దు రాయి దాటినంక మనిషి వెనుకకు తిరిగి చూసి ఒక్కసారి ఊపిరి పీల్చుకునేటోడు బిడ్డా" అని మా తాతగారు చెబుతూండేవారు.

ఓడ నిలిచి ఉండేదే కాదు, కదిలేది కూడా కదా. సంస్థానంలో కదిలే ఓడ రైలు. వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఆ మార్గంపై అధికారాన్ని నిజాం బ్రిటిషువారికి ఇచ్చారు. ఆ దారిలోని శంకరపల్లి స్టేషనులో యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను, ఎక్కడో సిమ్లాలో పుట్టిన లంచం కేసులో, సిమ్లా మేజిస్ట్రేటు వారంటు చూపి బ్రిటిష్ పోలీసులు పట్టుకున్నారు. వ్యవహారం లండనులోని ప్రీవీ కౌన్సిల్ వరకు పోయింది. 1897లో లార్డ్ ఛాన్సలర్ హాల్స్‌బరీ తీర్పు చెప్పారు. నిజాం ఇచ్చినది రైల్వే నిర్వహణకు, రైల్వేకు సంబంధించిన నేరాలకు కావలసిన అధికారమే గాని, ఆ నేల బ్రిటిష్ ఇండియా కాలేదని, సిమ్లా నేరానికి శంకరపల్లిలో పట్టడం చెల్లదని దాని తాత్పర్యం. మన రైతు భాషలో చెప్పాలంటే, బాటకు దారి ఇచ్చినంత మాత్రాన చేను అమ్మినట్లు కాదు. సామ్రాజ్యపు అత్యున్నత న్యాయపీఠమే సామ్రాజ్యపు పోలీసు చేతిని వెనుకకు తీసింది.

ఇది చదివి పరాయి పరిధులన్నీ పీడితులకు ఆశ్రయాలే అనుకుంటే పొరపాటు. 1929లో బాల్య వివాహాలను నిరోధిస్తూ శారదా చట్టం వచ్చినప్పుడు మన తెలుగువారు చేసిన పని గుర్తు చేసుకోండి. ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాంకు ఆ చట్టం వర్తించదు. గోదావరి ప్రాంతం వారు పసిపిల్లలను అక్కడికి తీసుకుపోయి పెండ్లిళ్ళు చేసి తిరిగి వచ్చారు. వెట్టివాడు తన ప్రాణం దక్కించుకోవడానికి హద్దు దాటితే, వీరు పసిపిల్ల బాల్యాన్ని హరించడానికి దాటారు. హద్దు రాయి ఇద్దరికీ ఒకే తీరున దారి ఇచ్చింది.

మునగాలకే తిరిగి వద్దాం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపనకు తోడ్పడినవారు మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు. తెలుగు చదువుకొన్న మేమందరమూ ఆ ఇద్దరికీ ఋణపడి ఉన్నాము. అయినా అదే జమీందారీలో 1930ల దశకంలో రైతులు వెట్టికి, అక్రమ వసూళ్ళకు ఎదురు తిరిగి ఉద్యమించవలసి వచ్చింది. అంటే గడీ నుండి పారిపోయి వచ్చినవానికి జెండా మారింది, నాణెం మారింది, వెట్టి మాత్రం ఎదురు వచ్చి పలకరించింది.

ఇన్ని పుటలు తిరగవేసిన తరువాత నాకు తోచినది ఇది. అధికార పరిధి అన్నది ప్రభువుల మధ్య తగవుగా కనిపిస్తుంది గాని, దాని బరువును మోసేవాడు ఎప్పుడూ గట్టు మీద నిలిచిన ఒంటరి మనిషే. యూసుఫుద్దీనుకు లండను దాకా పోయి వాదించే వకీళ్ళు ఉన్నారు. నావికునికి, మా వెట్టివానికి ఉన్నవి రెండు కాళ్ళు. యూసుఫుద్దీన్ పేరు న్యాయశాస్త్ర గ్రంథాలలో నిలిచింది. హద్దు రాయి దాటినవాని పేరు ఎక్కడా లేదు.

1947 ఆగస్టు 15 నుండి 1948 సెప్టెంబరు వరకు మునగాల స్వతంత్ర భారతంలో ఉంది, చుట్టూ ఉన్న మా ఊళ్ళు లేవు. 1959లో పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది. ఆ వరదగుడి అలా చెదిరిపోయింది. నేడు బస్సులో పోతుంటే హద్దు ఎక్కడ ఉండేదో చెప్పగలవారు అరుదు. మునగాల ప్రాంతపు మిత్రులెవరైనా ఈ టపా చదివితే, తమ ఇంటి పెద్దలు హద్దు రాయిని గురించి చెప్పిన మాటలేమైనా ఉంటే వ్రాయగోరుతున్నాను. కాళ్ళనే నమ్ముకొని వచ్చినవారి సంగతులు ఇంకా ఎవరి నాలుకపైనో మిగిలి ఉంటాయని నా ఆశ.