పేరు మార్చుకొన్న ఊరు, పేరు వేయని పత్రిక

కెనడాలోని అంటారియో రాష్ట్రమున నున్న కిచెనర్ నగరమునకు 1916 వరకును బెర్లిన్ అని పేరు. జర్మను భాష మాటలాడు వలసదారులు వృద్ధిచేసికొన్న యా పట్టణము, మొదటి ప్రపంచయుద్ధము ముమ్మరముగా సాగు దినములలో శత్రురాజధాని పేరు మోయుట రాజద్రోహమని కొందరు కోలాహలము సేయగా, ఆ యేటి మే నెలలో 81 వోట్ల మొగ్గుతో ఉన్న పేరు వదలుకొని, జూన్ 5న సముద్రమున మునిగి మరణించిన బ్రిటిషు యుద్ధమంత్రి, 1902 నుండి 1909 వరకు మన దేశమున సర్వసేనానిగా నుండిన లార్డు కిచెనర్ పేరును సెప్టెంబరు 1 నుండి పెట్టుకొనెను. క్రొత్తపేరు నెన్నుకొను విడతలో ఆ పేరునకు పడినవి 346 వోట్లే. పౌరులలో పెక్కుమంది ఇల్లు కదలనే లేదు.

ఇట్టి యూర కాపురముండు తెలుగువాడు, మంచు గడ్డకట్టిన జనవరి రాత్రి 'తోకచుక్క'ను మరల చేతబట్టినచో, పేర్ల చరిత్ర మరియొకటి జ్ఞప్తికి వచ్చును. 1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డి చక్రపాణులు ప్రారంభించిన 'చందమామ'లో 1954లో మొదలైన యీ ధారావాహికకు కర్త దాసరి సుబ్రహ్మణ్యము. కాని కార్యాలయములోనివారి రచనలకు పేరు వేయు నాచారము లేనందున, ఆయనవే యైన 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'శిథిలాలయం' కొరకు నెలనెలా తపాలావాని త్రోవ కాచిన బాలబాలికలకు చిత్రా గీసిన బొమ్మలు తెలిసినట్లుగా ఆ కథలల్లినవాడెవరో తెలియదు. అర్ధశతాబ్దికి పైగా ఆ కొలువుననే గడపి 2010లో కన్నుమూసిన యాయన కథలు ఇప్పుడు ఆయన పేరుతోనే పుస్తకములుగా దొరకుచున్నవి.

చిన్ననాడు మనసంతయు ఏకాక్షి, చతుర్నేత్రుడను మాంత్రికుల మీదనే యుండెడిది. ఏండ్లు గడచిన పిదప చదువునప్పుడు చూపు నిలుచునది సమరసేనుని మీద. అతడు కుండలినీ ద్వీపపు సేనాని. పరదేశముల ధనము తెచ్చుటకై రాజాజ్ఞ తలదాల్చి ఓడలెక్కినవాడు, మొగమాటము లేక చెప్పవలెనన్న దోపిడికి బయలుదేరినవాడు! వాని పక్షమున గుండె చిక్కబట్టుకొని చదివితిమే గాని, ఆ ధనమెవరిదని మనలో నొక్కరును అడిగిన పాపమున పోలేదు. దాసరివారు కూడ ఉపదేశమేమియు చేయరు. ఆకాశమున కీడు సూచించు తోకచుక్క నొకదానిని నిలిపి, గెలువబోయిన సేనానిని మాంత్రికుల వైరము నడుమ చిక్కించి, ప్రాణములు దక్కిన చాలునను స్థితికి దింపిరి. పత్రికకు ఆ కాలమున సంపాదకత్వ భారము వహించిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. కథలోని మాంత్రికులవలెనే అగ్రరాజ్యములు రెండు మహాస్త్రములకై పోటీపడుచున్న కాలమది. ఆ పోటీని చూపుటయే కథకుని యుద్దేశమని నేననజాలను, అనవలసిన యవసరమును లేదు. వలసరాజ్యపు సర్వసేనాని పేరు మోయుచున్న యూర కూర్చుండి చదువుచున్నప్పుడు మాత్రము, సమరసేనుని ఓడలు రేవు విడుచు మొదటి పుటలను దాటిపోవుటకు మునుపటికంటె నెక్కువ సేపు పట్టుచున్నది.