పెద్దలు మింగని మాత్ర

బోదకాలు అన్న మాట వినని ఇల్లు గోదావరి డెల్టాలో ఉండదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలను తరాల తరబడి పీడించిన ఆ జబ్బు చరిత్ర చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మందు వేసుకోవడం, మానుకోవడం ఎవరిష్టం వారిదేనా? పిల్లలున్న ఇంట్లో పెద్దల బాధ్యత ఎంతవరకు?

మన దేశంలో ఈ ప్రశ్న మశూచితోనే తలెత్తింది. 1802లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు తొలి టీకా వేశారు. ఆమె చేతి మీద లేచిన పొక్కు రసాన్నే తర్వాతి పిల్లలకు పొడిచారు. అలా ఒక బిడ్డ చేతి నుంచి ఇంకో బిడ్డ చేతికి టీకా దేశమంతా పాకింది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకునే ఇళ్లలో తల్లులు దానికి జంకారు. ఒప్పించడం, చట్టం రెండూ కలిసి ఏళ్ల తరబడి పనిచేశాక, 1977లో భారతదేశం మశూచి నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. టీకా వేయించకపోతే నష్టం ముందు సొంత బిడ్డకే అని మశూచి విషయంలో ప్రతి తల్లికీ కళ్లెదుటే కనిపించేది.

బోదకాలు అలాంటిది కాదు. ఈ జబ్బు తెచ్చే పురుగు దోమ ఒంట్లో ఎదుగుతుందని 1877లో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుడుతుంది. పురుగు పిల్లలూ రాత్రే రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా (బోదకాలు) సిబ్బంది పొద్దుపోయాక ఇంటింటికీ తిరిగి, వేలికొసన గుచ్చి రక్తపు చుక్క తీసుకునేవారు. పురుగు చాలామందిలో చిన్నతనంలోనే చేరుతుంది. కాలు వాచేది ఏళ్లు గడిచాక. ఈలోగా మనిషి నిక్షేపంగా కనిపిస్తాడు. అతన్ని కుట్టిన దోమే రెండు వారాలకు పక్కింటి పసివాణ్ణి కుడుతుంది.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆ పురుగు పిల్లలను చంపే డీఈసీ మాత్రలు ఊరందరికీ పంచితే జ్వరం, వాంతులు వచ్చాయని జనం వద్దన్నారు. ప్రభుత్వం ఆ పద్ధతి మానేసి, దోమ పిల్లలను చంపడం, పురుగు దొరికినవారికే మందివ్వడం మీద ఆధారపడింది. రాజమహేంద్రవరంలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం వెలిసింది. 2004 నుంచి మళ్లీ అందరికీ ఏడాదికోసారి మాత్రలు ఇవ్వసాగారు.

రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు డీఈసీ ఒకటి, పద్నాలుగేళ్ల దాకా రెండు, ఆపై మూడు. తోడుగా ఆల్బెండజోల్ ఒకటి. అన్నం తిన్నాక, ఇచ్చినవారి ఎదుటే మింగాలి. “నాకేం జబ్బు లేదమ్మా, అక్కడ పెట్టి వెళ్లు” అన్న పెద్దాయన మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. మందు దెబ్బకు పురుగు పిల్లలు చచ్చేటప్పుడే ఎక్కువగా ఆ జ్వరం వస్తుంది. ఆ సంగతి ముందే విడమరిచి చెబితే చాలామంది భయం తీరుతుంది.

చెప్పకుండా చేసే మేలు ఎక్కడికి దారితీస్తుందో ఇదే గోదావరి ఎగువన చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద 10–14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. ఎందరో గిరిజన బాలికల అంగీకార పత్రాల మీద కన్నవారికి బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ అధ్యయనం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా ఎంత మంచిదైనా సరే, తల్లిదండ్రులను అడగకుండా వారి స్థానంలో కూర్చునే హక్కు ఎవరికీ లేదు.

అయితే అడిగి, వివరించి, ఎదుట నిలబడి మాత్ర ఇస్తున్నప్పుడు కాదనడం సొంత ఇష్టం ఎలా అవుతుంది? రెండేళ్లలోపు బిడ్డకు, కడుపుతో ఉన్న తల్లికి ఆ మందు ఇవ్వరు. వారికున్న రక్షణ దోమతెర, పంచాయతీ పారించాల్సిన మురుగు కాలువ, చుట్టూ ఉన్న పెద్దలు మింగే మాత్రలు. డెల్టాలో మన వీధి పిల్లలందరికీ మనం పెద్దలమే. ఆ మాత్ర వేసుకోవడం వారిపట్ల మనం తీర్చవలసిన బాధ్యత.