గాస్తోన్ బాషెలార్: విజ్ఞానం, హేతువు, అనుభవం

గాస్తోన్ బాషెలార్ (1884–1962) ఫ్రెంచి తత్త్వవేత్త. ఫ్రాన్సులో 17వ శతాబ్దంలో దెకార్త్ హేతువుకూ, 19వ శతాబ్దంలో కోంత్ పరిశీలనకూ పెద్దపీట వేశారు. ఆ రెండింటి మధ్య నిత్యం సాగే పోట్లాటే విజ్ఞానశాస్త్రానికి ప్రాణమని బాషెలార్ చూపించాడు.

షాంపేన్ ప్రాంతంలోని బార్ సుర్ ఓబ్ ఆయన సొంత ఊరు. తపాలా శాఖలో పనిచేస్తూ గణితం చదివాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా కందకాల్లో గడిపాడు. 1919లో సొంత ఊరి బడిలోనే భౌతిక, రసాయన శాస్త్రాల పంతులుగా చేరాడు. మరుసటి ఏడే భార్య చనిపోవడంతో కూతురు సుజాన్‌ను ఒంటిచేత్తో పెంచాడు. 1930 దాకా సాగిన ఈ బడి జీవితంలోనే ఆయన ఆలోచనకు అసలైన పునాది పడింది.

పిల్లలు ఖాళీ బుర్రతో తరగతికి రారని ఆయన గమనించాడు. చెక్కముక్కను నీళ్లలోకి అదిమితే చేతికి ఎదురుతన్నుతుంది. ఆ బలం చెక్కదేనని పిల్లవాడు అనుకుంటాడు, పైకి నెట్టేది నీళ్లని అతనికి తట్టదు. చేతికి తెలిసిన ఆ అనుభవమే ఆర్కిమెడీస్ సూత్రానికి అడ్డం పడుతుంది. ఇలాంటివాటిని బాషెలార్ 'జ్ఞాన అవరోధాలు' అన్నాడు. 1938లో వచ్చిన 'శాస్త్రీయ మనస్సు రూపకల్పన' పుస్తకమంతా వీటి గురించే.

అనుభవానికీ ప్రయోగానికీ ఫ్రెంచిలో ఒకే మాట ఉంది. తెలుగులో రెండు వేరు మాటలు ఉండటంతో ఆయన చెప్పిన తేడా మనకు సులువుగా అందుతుంది. అనుభవం దానంతటదే ఎదురవుతుంది. ప్రయోగానికి ముందుగా సిద్ధాంతం కావాలి, దాన్ని బట్టి చేసిన పరికరం కావాలి.

దీనికి ఆయన ఇచ్చిన విద్యుద్దీపం ఉదాహరణ అద్భుతమైనది. అంతవరకు వెలుగు కావాలంటే నూనో, వత్తో, ఏదో ఒకటి మండాలి. ఎడిసన్ బల్బులో గాలి తీసేసింది తీగ మండకుండా ఉండటానికే. దీపం, బల్బు చేసే పని ఒకటే అయినా వెనకున్న ఆలోచన పూర్తిగా తిరగబడింది. పాత అనుభవాన్ని ఎంత సానబెట్టినా బల్బు వచ్చేది కాదు.

1940 నాటి 'కాదు అనే తత్త్వం' పుస్తకంలో ఈ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఐన్‌స్టీన్ వచ్చాక న్యూటన్ అబద్ధం కాలేదు, తన హద్దుల్లో తాను నిలిచాడు. బాషెలార్ చెప్పిన 'కాదు' ఇలా పాతదాన్ని కలుపుకుపోయేదే.

1940 నుంచి 1954 వరకు ఆయన సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అగ్ని, నీరు, ఇల్లు వంటివాటి చుట్టూ అల్లుకున్న కవితా కల్పనపైనా పుస్తకాలు రాశాడు. 1955లో సోర్బాన్‌లో ఆయన పీఠానికి వచ్చిన తత్త్వవేత్త కాంగిలెమ్ ద్వారా విజ్ఞానంపై ఆయన ఆలోచనలు ఫూకో తరం తత్త్వవేత్తలకు అందాయి. బాషెలార్ 1962 అక్టోబరు 16న పారిస్‌లో మరణించాడు. సమాధి బార్ సుర్ ఓబ్‌లో ఉంది.