మిగ్ 21 యుద్ధవిమానము

2025 సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్ వైమానిక స్థావరమున మిగ్ 21 విమానములకు కడపటి వీడ్కోలు జరిగినది. 1963లో అచ్చటనే మన దళమున చేరిన ఈ విమానము అరువదిరెండేండ్లు దేశమునకు సేవచేసెను. దాని కథ పెద్దలు వినదగినది.

రెండవ ప్రపంచయుద్ధమునకు పిమ్మట అణుబాంబులను మోయు భారీవిమానములు మిక్కిలి ఎత్తున ఎగురసాగెను. అవి నగరముల మీదికి రాకమునుపే ఎదురేగి కూల్చుటకు, ధ్వనికి రెండింతల వేగముగల విమానము కావలెనని సోవియట్ ప్రభుత్వము తలంచెను. మికోయాన్, గురేవిచ్ అనువారు నెలకొల్పిన నిర్మాణశాల అందుకు పూనుకొనెను. త్రికోణపు రెక్కల నమూనా 1955లో ఎగిరెను. దేహము సన్నము, రెక్కలు చిన్నవి, ఇంధనము కొద్ది. రివ్వున లేచి, శత్రువును కొట్టి, వెంటనే మరలుటయే దాని పని.

మనవారు దానిని నాసిక్‌లో నిర్మించిరి. ఇంజనులు కోరాపుట్‌లోను, విద్యుత్పరికరములు మన హైదరాబాదులోను తయారయ్యెను. 1971 యుద్ధమున అది శత్రువిమానములను కూల్చెను. డిసెంబరు 14న ఢాకాలోని గవర్నరు భవనమును కొట్టెను.

అయితే పందెపు గిత్తను అరకకును, బండికిని కూడ కట్టినట్లు, ఆకాశమున కావలి కాయవలసిన విమానముచేత నేలమీద బాంబులు వేయించితిమి, కుఱ్ఱవారికి శిక్షణయు నిప్పించితిమి. రెక్కలు చిన్నవగుటచే దిగునపుడు సైతము గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగము తప్పదు. నెమ్మదియైన విమానములపై నేర్చిన యువకులు నేరుగా దీని నెక్కవలసి వచ్చెను. నడుమ మెట్టుగా వేరొక శిక్షణవిమానము కావలెనని నిపుణులు 1980 దశకముననే చెప్పిరి. ఆ హాక్ విమానము 2008లో గాని రాలేదు. మిగ్ స్థానమునకై 1983లో తలపెట్టిన తేజస్ 2016లో గాని దళమున చేరలేదు.

ఈ ఆలస్యమునకు వెల ఎవరు చెల్లించిరి? కొన్న 872 మిగ్ జాతి విమానములలో సగమునకు మించి కూలినవనియు, 171 మంది వైమానికులును, 39 మంది పౌరులును మరణించిరనియు 2012లో రక్షణమంత్రి పార్లమెంటున తెలిపెను. ప్రతి ప్రమాదమునకును కారణ మొకటే కాదు. యంత్రలోపము కొంత, మానవదోషము కొంత. అయినను జనులు దానిని ‘ఎగిరెడు శవపేటిక’ యని నిందించుట పూర్తిగా న్యాయము కాదు. తన కాలమున అది మేటి విమానము. ముదిమి వచ్చిన గిత్తను కాడినుండి విప్పవలసిన వేళ రైతునకు తెలియును. ఆ వేళను మనము చాల యేండ్లు దాటనిచ్చితిమి.